తెల్ల వెంట్రుక నల్లబడేదెట్లా?



ఇంట్లో పెద్దవాళ్లు జుట్టుకు రంగు వేసుకోవటం మీలో చాలామంది చూసే వుంటారు. గోడకు కొట్టిన సున్నం వానకు కారిపోతుంది. మరి జుట్టుకు వేసిన రంగు తలంటుకుంటే ఎందుకు పోదు?

ముందు వెంట్రుక సంగతి చూద్దాం. అది కెరటిన్ అనే మాంసకృత్తుతో తయారవుతుంది. చర్మం పైకి వచ్చిన భాగంలో ప్రాణం వుండదు. అందుకే కత్తిరిస్తే నొప్పి పుట్టదు. పైన ఇంటి పెంకుల మాదిరిగా సన్నని పొలుసులుంటాయి. లోపల మెలనిన్ అనే రంగు రేణువులుంటాయి. కుదురులో మెలనిన్ తయారు కావటం మానేస్తే తెల్ల వెంట్రుక మొలుస్తుంది.

నల్ల రంగుల్లో చాలావాటిలో పారాఫెనిలీన్ డయమీన్ అనే పదార్థం వుంటుంది. చిత్రమేమంటే, అది స్వతహాగా నల్లనిది కాదు! దానికి అమోనియాను, హైడ్రోజన్ పెరాక్సైడును జతచేస్తారు. అమోనియా వల్ల వెంట్రుక ఉబ్బి పొలుసులు విడతాయి. ఆ సందుల్లోంచి చిన్న చిన్న అణువులు లోపలికి దూరతాయి. పెరాక్సైడు ఇచ్చే ఆక్సిజన్ వల్ల అవి ఒకదానితో ఒకటి కలిసి పెద్ద అణువులవుతాయి. నలుపు పుట్టేది అప్పుడే. కోళ్లూ, పట్టెలూ విడివిడిగా గదిలోకి తెచ్చి మంచం బిగించారనుకోండి. ఆ మంచం మళ్లీ గుమ్మంలోంచి బయటికి పడుతుందా? ఇదీ అంతే. 1907లో ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు యూజీన్ షుయెల్లేర్ ఇటువంటి రంగులు తయారుచేసి పారిస్ నగరంలోని క్షౌరశాలలకు అమ్మాడు.

నల్ల జుట్టును తెల్లబరచటం దీనికి తలకిందులు పని. నీటి అణువులో ఆక్సిజన్ పరమాణువు ఒకటే, పెరాక్సైడులో రెండు. అది తేలికగా విడిపోయి, మెలనిన్‌ను ముక్కలు చేసి రంగు పోగొడుతుంది. అందుకే నల్ల జుట్టు ముందు ఎర్రబడి, తరువాత పసుపుపచ్చగా మారుతుంది. కెరటిన్ కూడా దెబ్బతిని వెంట్రుక పెళుసవుతుంది. ప్రాణం లేనిది గనుక అది తనను తాను బాగుచేసుకోలేదు. కుదురునుంచి నెలకు సుమారు 1 సెంటీమీటరు చొప్పున కొత్త జుట్టు రావలసిందే.

ఇక అసలు మాట. పారాఫెనిలీన్ డయమీన్ కడుపులోకి పోతే విషం. గొంతు వాచి ఊపిరాడదు. మూత్రపిండాలు కూడా చెడతాయి. రంగు పొట్లాలు చంటిపిల్లలకు అందనీయకండి. ఎవరైనా మింగితే క్షణం ఆలస్యం చేయక, ఆ పొట్లంతో సహా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మరొకటి. గోరింటాకు సహజంగా నారింజ, ఎరుపు, గోధుమ వన్నెల్లోనే పండుతుంది. తిరునాళ్లలో ఎవరైనా, "కాసేపట్లో కాటుకంత నల్లగా పండిస్తాం," అంటే అందులో ఈ పదార్థమే కలిసి వుండవచ్చు. దానివల్ల కొందరికి చేతులు బొబ్బలెక్కుతాయి. ఒకసారి పడకపోతే జన్మంతా పడకుండా పోవచ్చు. అటువంటి నల్ల గోరింటాకుకు చెయ్యి చాచకండి. మన పెరటి గోరింటాకే మేలు!