మౌనం అర్ధాంగీకారం కారాదు

"మౌనం అర్ధాంగీకారం" అని తెలుగులో ఒక లోకోక్తి ఉన్నది. ఉర్దూలో "ఖామోషీ నీమ్ రజా" అను మాటకును భావం అదే. పెండ్లి సంబంధాల విషయంలో ఈ మాట చెల్లునేమో గాని, కంప్యూటరు వాకిట కాపలా కాయు సాఫ్ట్‌వేర్‌కు మాత్రం చెల్లదు. మౌనాన్ని పూర్ణాంగీకారంగా పొరబడు ఒక లాగిన్ పద్ధతిని గూర్చి, దానిని సరిదిద్దు బాధ్యతను గూర్చి మా అభిప్రాయాన్ని పాఠకుల ముందుంచుచున్నాము.

నేడు పెద్ద సంస్థలలో ప్రతి పనికి వేరువేరు పాస్‌వర్డులు ఉండవలసిన పని లేదు. అందరి వివరాలు ఒకే డైరెక్టరీలో ఉండును. గ్రంథాలయమైనను, పరీక్షల విభాగమైనను, జీతాల లెక్కలైనను, లోనికి రాదలచినవాడెవడో ఆ డైరెక్టరీనే అడిగి తెలుసుకొనును. ఈ ప్రశ్నోత్తరాలకు వాడు నియమావళికి ఎల్‌డాప్ అని పేరు. దాని తొలి ప్రమాణ పత్రం 1993లో వెలువడినది.

ఇందలి చిక్కును గమనింపుడు. ఒకరి పేరు వ్రాసి, పాస్‌వర్డును ఖాళీగా వదలి పంపినచో, కొన్ని డైరెక్టరీలు వచ్చినవానిని అజ్ఞాత సందర్శకునిగా ఎంచి "సరే" అనును. "ఎవరో అపరిచితుడు, వాకిటివరకు రానిమ్ము" అనుటయే దాని అర్థం. అజాగ్రత్తగా వ్రాసిన సాఫ్ట్‌వేర్ ఆ "సరే"ను విని, "ఈతడు ఆ పేరు గలవాడే" అని తలుపు తీయును. అప్పుడు ప్రిన్సిపాలు గారి పేరు తెలిసిన ప్రతివాడును ప్రిన్సిపాలే!

తప్పు ఎవరిది? సాఫ్ట్‌వేర్ వ్రాసినవారు సర్వరును, సర్వరు నడుపువారు సాఫ్ట్‌వేర్‌ను నిందింతురు. ఎవరికి వారే యమునా తీరే! 2006లో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 4513 అను ప్రమాణ పత్రం ఈ వాదానికి తావీయలేదు. ఖాళీ పాస్‌వర్డును సాఫ్ట్‌వేర్ స్వీకరింపరాదనియు, ప్రత్యేకంగా అనుమతించిననే తప్ప సర్వరు సైతం అట్టి విన్నపాన్ని నిరాకరింపవలెననియు అది ఇరువురికిని చెప్పినది. మా మతమును అదియే. ఎదుటివాడు గడియ వేసియుండునను నమ్మకంతో మన గడియ తీసియుంచరాదు.

మరి రెండు లోపాలకును ఇదే సూత్రం వర్తించును. రక్షణ లేని 389వ పోర్టు మీదుగా సాగు మామూలు లాగిన్‌లో పాస్‌వర్డు కార్డుముక్కపై వ్రాసినట్లు దారిలోనివారికి కనబడును. దానిని టి.ఎల్.ఎస్. అను గుప్తలిపి కవచంతో పంపవలెను. ఇక డైరెక్టరీ వెదకులాటలో నక్షత్రపు గుర్తుకు "ఏదైనను సరే" అని అర్థం. పేరుకు బదులు ఆ గుర్తును వ్రాసినవానికి మోసపోకుండ, అట్టి గుర్తులను సాధారణాక్షరాలుగా మార్చిన పిదపనే వెదకవలెను.

ఈ మరమ్మతులు కొద్ది పంక్తుల పనియే. కష్టమైనది లోపమున్నదని ఒప్పుకొనుట. లోపాన్ని చూపిన విద్యార్థిని దొంగగా చూచు కార్యాలయంలో రెండవవాడు నోరు విప్పడు. అచ్చటి మౌనం క్షేమానికి గుర్తు కాదు. మన మార్కులు, ఫీజులు, స్కాలర్‌షిప్పుల వివరాలు ఆ తలుపుల వెనుకనే ఉన్నవి. కావున సరిదిద్దిన పిమ్మట ఖాళీ పాస్‌వర్డుతో తామే తలుపు తట్టి చూచుటను, చెప్పవచ్చినవానిని ఆదరించి వినుటను అధికారులు నియమంగా పాటింతురుగాక యని మేము కోరుచున్నాము.