ఓడోమీటర్‌కు మొక్కే భక్తులారా

కారు విలువను ఓడోమీటర్ చూసి కట్టేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. మీటర్ మీద అంకె చిన్నదైతే ఆ కారు వజ్రం, పెద్దదైతే తుక్కు. ఈ లెక్క ఎవరు మొదలెట్టారో గానీ, దాని పుణ్యమా అని తిరగాల్సిన కార్లు షెడ్లలో ముసుగేసుకుని కుళ్ళిపోతున్నాయి, నిజాయితీగా తిరిగిన కార్లు తుక్కు యార్డుకు పోతున్నాయి. మామూలు కార్ల విషయంలో ఇది పొరపాటనుకోవచ్చు. స్పోర్ట్స్ కార్ల విషయంలో ఇది ద్రోహం. నడిపి సంతోషపడటానికి తప్ప ఇంకెందుకూ పనికిరాని బండిని నడపకుండా దాచినవాణ్ణి పట్టుకుని "ఎంత బాగా చూసుకున్నావయ్యా" అని మెచ్చుకోవడమేమిటి?

మా ఇంట్లో 1990 నాటి మజ్దా మియాటా ఉంది. ఎరుపు రంగు, రెండే సీట్లు, 2,60,000 మైళ్ళు. మా ఆయనా నేనూ న్యూజెర్సీ ఎడిసన్‌లో కాపురం పెట్టిన కొత్తలో, జీతంలో సగం ఊళ్ళో అప్పులకే పోతున్న రోజుల్లో, అందుబాటు ధరకు దొరికిన సెకండ్ హ్యాండ్ బండి అది. నేను క్లచ్ తొక్కడం నేర్చుకున్నది దాంట్లోనే. పాప కడుపులో పడ్డాక అమ్మేయమని చెప్పని చుట్టం లేడు. అమ్మలేదు. ఇప్పుడు దాన్ని మొదట్నుంచీ బాగుచేయిస్తున్నాం. అయిన ఖర్చు దాని అమ్మకం ధరను ఎప్పుడో దాటిపోయింది. ఆ మాట చెప్పగానే పాట్‌లక్‌లో ప్లేటు పట్టుకున్నవాళ్ళ ముఖాలు మారిపోతాయి. "అదేంటి వదినా, ఆ డబ్బు డౌన్ పేమెంట్ కడితే కొత్త టెస్లా వచ్చేది కదా!"

వచ్చేది. మూడేళ్ళు నెలనెలా కట్టి, లీజు తీరగానే తాళాలు అప్పజెప్పి, ఇంకోటి తెచ్చుకుని మళ్ళీ మొదట్నుంచీ కట్టేదాన్ని. అలా కరిగిపోయే డబ్బును మనవాళ్ళలో ఒక్కరూ నష్టం అనరు. కొత్త కారు షోరూమ్ గేటు దాటగానే పోయే విలువను ఎవరూ వృథా అనరు. పాత కారుకు కొత్త బుష్‌లూ షాక్‌లూ వేయిస్తే మాత్రం అది పిచ్చి. కళ్ళముందు ఉండి, చెప్పిన చోటికి తీసుకెళ్ళే వస్తువు మీద పెట్టిన ఖర్చు పిచ్చెలా అవుతుంది?

ఈ కారు ఎవరికోసం పుట్టిందో చూడండి. 1979లో బాబ్ హాల్ అనే అమెరికన్ కార్ల విలేఖరి హిరోషిమాలో మజ్దా పెద్దాయన కెనిచి యమమోటోను కలిసినప్పుడు, బ్రిటిష్ వాళ్ళు ఒకప్పుడు చేసినటువంటి తేలికపాటి, చవక ఓపెన్ టాప్ బండి చెయ్యమని అడిగాడు. పదేళ్ళకు, 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో అది జనం ముందుకొచ్చింది. ధర 13,800 డాలర్లు. 1.6 లీటర్ల ఇంజిన్, 116 హార్స్‌పవర్. లక్షాధికారుల కోసం కాదు, జీతగాళ్ళ కోసం చేసిన స్పోర్ట్స్ కారు. అందుకే 2016 నాటికి పది లక్షల బండ్లు తయారయ్యాయి, రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో అత్యధికంగా అమ్ముడైనదిగా గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. అలాంటి బండిని ఇవాళ వేలంలో తక్కువ మైళ్ళ లెక్కన అటకెక్కించేస్తున్నారు. కొన్నవాడు దాన్ని నడపడు. నడిపితే అంకె పెరుగుతుంది, పెరిగితే ధర పడిపోతుంది. స్టీరింగ్ ముందు కూర్చునే హక్కును డబ్బిచ్చి కొనుక్కుని, దాన్ని వాడుకోవడానికి భయపడే బతుకు!

పోనీ, ఆ అంకెనైనా నమ్మగలమా? అమెరికా చట్టమే ఆ పూచీ తీసుకోవడం లేదు. 2010, అంతకుముందు మోడళ్ళు చేతులు మారేటప్పుడు ఓడోమీటర్ అంకెను అమ్మేవాడు ధ్రువీకరించాలన్న కేంద్ర నిబంధన ఇప్పుడు వర్తించదు. ప్రభుత్వం చేతులు దులుపుకున్న అంకెను పట్టుకుని మనం వేల డాలర్లు ఎక్కువ పోస్తున్నాం.

అంకె నిజమే అనుకుందాం. ముప్పయ్యేళ్ళు కదలకుండా ఉన్న కారు బాగుంటుందని ఎవరు చెప్పారు? ట్యాంకులో పెట్రోలు చెడి జిగురవుతుంది. సీళ్ళు ఎండి పగుళ్ళిస్తాయి. బ్రేక్ కాలిపర్లు బిగుసుకుపోతాయి. టైరు మీద గాట్లు కొత్తగానే కనిపిస్తాయి గానీ రబ్బరు రాయిలా గట్టిపడిపోయి ఉంటుంది. మా బండికి కంప్రెషన్ టెస్ట్ చేయిస్తే నాలుగు సిలిండర్ల రీడింగులూ ఒకదానికొకటి దగ్గరగానే వచ్చాయి. వేళకు ఆయిల్ మార్చాం, అరవై వేల మైళ్ళకోసారి టైమింగ్ బెల్ట్ మార్చాం, అంతే. ఆ ఇంజిన్‌లో ఆ బెల్ట్ దారిలో తెగిపోయినా పిస్టన్లు వాల్వులకు తగలవు. కట్టినవాళ్ళు ఎంత ముందుచూపుతో కట్టారో అక్కడే తెలుస్తుంది. తొలి ఏళ్ళ మియాటాల్లో నిజంగా భయపడాల్సిన చోటు ఒకటుంది. క్రాంక్‌షాఫ్ట్ ముందు కొసన పుల్లీని పట్టి ఉంచే బోల్టు. బెల్ట్ మార్చినప్పుడు ఎవరైనా దాన్ని సరిగ్గా బిగించకపోతే లోపలి కీ గాడి అరిగి, చివరికి క్రాంక్ పాడవుతుంది. ఆ తప్పు ముప్పై వేల మైళ్ళ బండిలోనైనా జరగొచ్చు. దానికి పనిచేసిన చెయ్యి జవాబు చెప్పాలి, మైళ్ళు కాదు.

మైళ్ళు బండిని చంపేస్తాయనేవాళ్ళు అర్వ్ గోర్డన్ పేరు విన్నారా? న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లో సైన్స్ మాస్టారు. 1966లో 4,150 డాలర్లు పోసి ఎర్ర వోల్వో 1800 ఎస్ కొన్నాడు. అది కూడా స్పోర్ట్స్ కారే. 2013 సెప్టెంబరులో అలాస్కాలో ఆ బండి ముప్పై లక్షల మైళ్ళు పూర్తిచేసింది. అదే బండి, అదే యజమాని. 2018లో ఆయన పోయేదాకా దాన్ని నడుపుతూనే ఉన్నాడు. మధ్యలో ఇంజిన్ విప్పి కట్టించుకున్నాడు, అరిగినవి మార్చుకున్నాడు, మళ్ళీ రోడ్డెక్కాడు. బళ్ళో పిల్లలకు పాఠాలు చెప్పుకునే మనిషి అలా నడపగలిగాడు. ఆరంకెల జీతాలున్న మనం రెండు లక్షల మైళ్ళు దాటగానే దండేసి దీపం పెట్టేస్తున్నాం.

నా అసలు కోపం ఇంకొకరి మీద. రిస్టోరేషన్ పేరుతో రంగులద్ది అమ్మేవాళ్ళ మీద. ఈ కారు వెనక చక్రానికి కాస్త ముందు, తలుపు కింద సాగే రేకును వేలితో తడిమి చూడండి. క్లాత్ టాప్ మీద పడిన వాన, సీట్ల వెనకనున్న చిన్న గొట్టాల గుండా కిందికి పోవాలి. ఆకులూ మట్టీ చేరి ఆ గొట్టాలు పూడుకుపోతే నీళ్ళు నేరుగా ఆ రేకు లోపలికి దిగుతాయి, అక్కడే నిలుస్తాయి. న్యూజెర్సీ చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు బయటినుంచి తన పని తాను చేస్తుంది. తుప్పు లోపల పుట్టి బయటికొస్తుంది. పైన పెయింట్ మీద గోరంత పొక్కు కనిపించేసరికి లోపల ఏమీ మిగిలి ఉండదు. మా బండికి కుడివైపు పొక్కు మీద స్క్రూడ్రైవర్ మొన ఆనిస్తే పిడి దాకా దిగిపోయింది. దాన్ని కోసి పారేసి కొత్త రేకు వెల్డింగ్ చేయించడం ఖరీదైన, ఓపికతో కూడిన పని. ఫిల్లర్ మెత్తి, ఇసుక కాగితంతో రుద్ది, మెరిసే ఎరుపు కొట్టడం రెండ్రోజుల పని. పైన పటారం, లోన లొటారం. ఫొటోలో రెండూ ఒకేలా ఉంటాయి. యాక్సిడెంట్ అయినప్పుడు ఒకలా ఉండవు. కారు గట్టిదనంలో పెద్ద వాటా మోసేది ఆ రేకే. ఆ చోట ఫిల్లర్ మెత్తి అమ్మినవాణ్ణి మోసగాడని కాదు, నేరస్థుడనే పిలవాలి.

మీ పాత బండి పని పట్టుకున్నవాడు మొదటి రోజే "ఏ రంగు వేద్దాం?" అని అడిగితే తాళాలు తీసుకుని వచ్చేయండి. ముందు తుప్పు, తరవాత బ్రేకులు, రబ్బరు, స్టీరింగ్. రంగు అన్నిటికంటే చివర. డబ్బు మిగలకపోతే వెలిసిన రంగుతోనే తిప్పండి, ఏ సిగ్గూ పడక్కర్లేదు.

మజ్దా వాళ్ళు 2017లో జపాన్‌లో ఈ తొలి తరం కార్లను తామే బాగుచేసిస్తామని ప్రకటించి, మరుసటి ఏడాది పని మొదలెట్టారు. ఆగిపోయిన విడిభాగాల్లో వాళ్ళు మళ్ళీ తయారు చేయించినవేమిటో గమనించండి. క్లాత్ టాప్, చెక్క స్టీరింగ్, గేర్ నాబ్, పాత కొలతల బ్రిడ్జ్‌స్టోన్ టైర్లు. అన్నీ ఎండకూ చేతికీ రోడ్డుకూ అరిగేవే. తయారుచేసినవాళ్ళకు తమ బండి తిరగాలనే ఉంది.

కావాలని అడ్డం పడేది బీమా. మామూలు పాలసీ ఉంటే, వెనకనుంచి ఎవరో చిన్నగా గుద్దినా రిపేరు ఖర్చు మార్కెట్ విలువను మించిందని బండిని "టోటల్ లాస్" కింద రాసేస్తారు. విలువ ముందే ఒప్పుకునే అగ్రీడ్ వాల్యూ పాలసీ తీసుకుందామంటే, చాలా కంపెనీలు ఏడాదికి ఇన్ని మైళ్ళేనని, ఆఫీసుకు తీసుకెళ్ళకూడదని షరతు పెడతాయి. నడపనని మాటిస్తేనే కారుకు విలువ ఉందని ఒప్పుకుంటారట! అందరం కలిసి అడగాల్సింది దీన్ని.

ఒకటి ఒప్పుకుంటాను. ఇది నేటి కారంత భద్రమైనది కాదు. 1990 మోడల్‌లో ఎయిర్‌బ్యాగ్ డ్రైవర్‌కు మాత్రమే. చిన్నపిల్లల్ని ఎక్కించుకుని మంచులో తిరగడానికి ఇది పనికిరాదు, నేనూ తిరగలేదు. అందుకు ఇంకో బండి ఉంది. ఎండ కాసిన ఆదివారం మా అమ్మాయికి గేర్లు నేర్పడానికి మాత్రం దీన్ని మించింది లేదు.

మీ షెడ్డులో ఇలాంటిది ముసుగేసుకుని ఉంటే, ఇవాళే టైరు పక్కన చూడండి. 2000 నుంచి తయారైన టైర్లకు డాట్ కోడ్ చివర నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ తయారైన వారం, తరవాతి రెండూ ఏడాది. పదేళ్ళు దాటితే గాట్లు ఎంత లోతుగా ఉన్నా పీకి పారేయండి. పాత పెట్రోలు తీయించండి, బ్రేక్ ద్రవం మార్పించండి, ఆ నీటి గొట్టాలు శుభ్రం చేయండి. తరవాత హైవే ఎక్కండి. నడిపే ఓపిక లేదంటారా? అయితే నడిపే కుర్రాళ్ళకు అమ్మేయండి, నాలుగు డబ్బులు తక్కువొచ్చినా సరే.