వాళ్లు గెలిచిన అంశం వేరు

సినిమా ఆఖరి ఘట్టంలో పద్నాలుగేళ్ల నల్లజాతి కుర్రాడు హార్వర్డ్ విశ్వవిద్యాలయం వేదిక మీద నిలబడి జలియన్‌వాలాబాగ్ కథ ఎత్తుకుంటాడు. డయ్యర్ దారి మూసి కాల్పులు జరిపించిన తీరు చెబుతాడు. గాంధీ ఆయుధం పట్టకుండానే బ్రిటిష్ పాలనను ఎదిరించిన తీరు చెబుతాడు. అక్కణ్నుంచి మెల్లగా టెక్సాస్‌కు వస్తాడు. ఒక రాత్రి కారులో వెళుతూ తన కళ్లారా చూసిన శవం దగ్గర ఆగుతాడు. తెల్లవాళ్ల మూక ఉరితీసి తగలబెట్టిన మనిషి అతను. హాలు నిశ్శబ్దమైపోతుంది. తర్వాత చప్పట్లు. వైలీ కాలేజీ గెలిచింది, హార్వర్డ్ ఓడింది.

‘ద గ్రేట్ డిబేటర్స్’ చూసిన వాళ్లెవరూ ఈ ఘట్టాన్ని మరచిపోరు. అమృత్‌సర్ పేరు వినపడగానే మన ప్రేక్షకుడు కుర్చీలో కాస్త ముందుకు జరుగుతాడు కూడా. 2007 క్రిస్మస్ రోజున అమెరికాలో విడుదలైన ఈ చిత్రానికి డెంజెల్ వాషింగ్టన్ దర్శకుడు, ప్రధాన నటుడు. నిర్మాతల్లో ఓప్రా విన్‌ఫ్రీ ఉన్నారు. కథ జరిగేది టెక్సాస్ తూర్పు అంచున ఉన్న మార్షల్ అనే చిన్న ఊళ్లో. అంతర్యుద్ధం ముగిశాక, బానిసత్వం నుంచి బయటపడిన వాళ్ల చదువు కోసం మెథడిస్టు చర్చి 1873లో అక్కడ స్థాపించిన కాలేజీ వైలీ. ఆ కాలేజీ డిబేట్ జట్టును 1930లలో తీర్చిదిద్దిన ఇంగ్లిష్ మాష్టారు మెల్విన్ టోల్సన్ పాత్ర వాషింగ్టన్‌ది. వేదిక మీది కుర్రాడు జేమ్స్ ఫార్మర్ జూనియర్. అతని తండ్రిగా వేసింది ఫారెస్ట్ విటేకర్, కొడుకుగా వేసింది డెంజెల్ విటేకర్. ఇంటిపేరు ఒకటే అయినా వీళ్లిద్దరికీ చుట్టరికం లేదు. ఆ కుర్రాడికి డెంజెల్ అనే పేరు మాత్రం దర్శకుడి మీద అభిమానంతో పెట్టిందే.

సినిమా బాగుంది. అందులో సందేహం లేదు. గొప్ప ఘట్టం మాత్రం హార్వర్డ్‌లో లేదు, మట్టిరోడ్డు మీద ఉంది. తండ్రి ఫార్మర్ కారు కింద ఒక తెల్లరైతు పంది పడి చస్తుంది. ఆ తండ్రి మామూలు మనిషి కాదు. బోస్టన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసి, టెక్సాస్ నల్లజాతివాళ్లలో ఆ పట్టా అందుకున్న మొదటివాడిగా పేరు తెచ్చుకున్న పండితుడు. అలాంటివాడు తుపాకీ పట్టుకున్న ఇద్దరు నిరక్షరాస్యుల ముందు తల వంచి, జేబులోని జీతం చెక్కు ఇచ్చేసి, చచ్చిన పందిని ఈడ్చుకుపోతాడు. కారులోంచి కొడుకు చూస్తుంటాడు. ఎవరూ ఉపన్యాసం చెప్పరు. చదువుకూ భయానికీ మధ్య ఆ ఊళ్లో ఉన్న లెక్క మొత్తం ఆ రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

పేచీ అంతా చివరి ఘట్టంతోనే. వైలీ జట్టు హార్వర్డ్‌ను ఓడించలేదు. 1935 వసంతకాలంలో లాస్ ఏంజెలస్ వెళ్లి, అప్పటికి జాతీయ చాంపియన్‌గా ఉన్న యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా జట్టును ఓడించింది. హార్వర్డ్ పేరు ప్రపంచమంతా తెలుసు కాబట్టి మార్చారు. సినిమా వాళ్లకు ఆ మాత్రం స్వేచ్ఛ ఇవ్వొచ్చు. విశ్వవిద్యాలయం మారితే కథ మారిపోదు. కానీ దానితోపాటు వాదించిన అంశాన్నీ మార్చేశారు. కథ జారిపోయింది అక్కడే.

సినిమాలో హార్వర్డ్ ముందు పెట్టిన అంశం శాసనోల్లంఘన: న్యాయం కోసం చట్టాన్ని ధిక్కరించడం నైతికమా కాదా? నిజానికి 1934-35 విద్యా సంవత్సరంలో అమెరికా కాలేజీలు ఊరూరా వాదించుకున్న అంశం వేరు. దేశాల మధ్య ఆయుధాల, మందుగుండు రవాణాను నిషేధించాలా అన్నది అది. మొదటి ప్రపంచయుద్ధంలో ఆయుధ వ్యాపారులు ఎంత గడించారో తేల్చడానికి సెనెటర్ జెరాల్డ్ నై అధ్యక్షతన వాషింగ్టన్‌లో విచారణ నడుస్తున్న రోజులవి. పత్రికల నిండా అవే కబుర్లు. తుపాకులు, ఓడలు, బ్యాంకు అప్పులు, తటస్థ దేశాల హక్కులు. ఎండు సరుకు. వెండితెర మీద కన్నీళ్లు తెప్పించే సరుకు కానే కాదు.

అసలు విప్లవం మాత్రం ఆ ఎండు సరుకులోనే ఉంది. జాతుల్ని వేరుచేసే జిమ్ క్రో చట్టాల కింద, తెల్లవాళ్లు తాగే కొళాయి దగ్గర నీళ్లు తాగడానికి వీల్లేని ఊళ్ల నుంచి వచ్చిన విద్యార్థులు అంతర్జాతీయ ఆయుధ వ్యాపారం మీద మాట్లాడారు. తమ బాధ గురించి కాదు, ప్రపంచం గురించి మాట్లాడారు. నల్లజాతివాడు మైకు ముందుకు వస్తే తన గాయం చూపించాలని ఆశించడం తెల్లసమాజానికి అలవాటు. జాలిపడే వాళ్లకూ ఆ అలవాటు ఉంది. ఆ అలవాటును పక్కకు నెట్టి, దౌత్య ఒప్పందాల గురించి, ఎగుమతుల గురించి నీకంటే నాకే బాగా తెలుసని నిరూపించడం ఎంత పెద్ద గెలుపు! సినిమా ఆ గెలుపును తీసేసి, మళ్లీ గాయాన్నే చూపించమంది. ఉద్దేశం మంచిదే కావచ్చు. పర్యవసానంలో వాళ్ల స్థాయి ఒక మెట్టు దిగింది.

ఇంకో సంగతి. సినిమాలో వైలీ జట్టుకు ప్రతిసారీ న్యాయం ఉన్న పక్షమే దొరుకుతుంది. పేదలకు సాయం కావాలా అంటే కావాలనే పక్షం, నల్లవాళ్లను రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చేర్చుకోవాలా అంటే చేర్చుకోవాలనే పక్షం. డిబేట్ అంటే అది కాదు. అనుకూలం వచ్చినా ప్రతికూలం వచ్చినా నిలబడి వాదించగలగాలి. తాను నమ్మని మాటలోనూ బలం ఎక్కడుందో వెతకాలి. అవతలివాడి నోట్లోంచి రాబోయే మాటకు ముందే జవాబు సిద్ధం చేసుకోవాలి. మన టీవీ చర్చలు చూసి డిబేట్ అంటే గొంతు పెంచడమే అనుకునే తరానికి ఈ సంగతి చెప్పే అవకాశం ఆ సినిమాకు ఉండింది.

టోల్సన్ నేర్పింది సరిగ్గా అదే. 1924 నుంచి 1947 దాకా వైలీలో పాఠం చెప్పిన ఆయన కవి కూడా. వామపక్ష భావాల మనిషి. వాషింగ్టన్‌లో వెలువడే ఒక నల్లజాతి వారపత్రికకు ‘కావియర్ అండ్ క్యాబేజ్’ పేరుతో ఏళ్ల తరబడి కాలమ్ రాశాడు. లైబీరియా దేశం 1947లో ఆయనకు ఆస్థానకవి పదవి ఇచ్చింది. తర్వాత ఓక్లహోమాలోని లాంగ్‌స్టన్ అనే నల్లజాతి పట్టణానికి వెళ్లి, అక్కడి విశ్వవిద్యాలయంలో బోధిస్తూనే ఆ ఊరికి మేయర్ కూడా అయ్యాడు. పిల్లలకు ప్రసంగాలు ఆయనే రాసిచ్చేవాడు. ఎక్కడ ఆగాలో, చెయ్యి ఎప్పుడు లేపాలో కూడా పదేపదే సాధన చేయించేవాడు.

జట్టులో అసలు పెద్ద తలలు సినిమాలో వేరే పేర్లతో ఉన్నాయి, లేదంటే లేనే లేవు. హెన్రీ హైట్స్ తెర మీద హెన్రీ లోవ్ అయ్యాడు. 1935 నాటి మేటి వక్త హోబర్ట్ జారెట్ పేరే వినపడదు. తెల్లజాతి కాలేజీలతో తలపడిన అనుభవాల మీద జారెట్ అదే ఏడాది ‘ద క్రైసిస్’ పత్రికలో వ్యాసం రాశాడు. పెద్దయ్యాక ఇంగ్లిష్ ప్రొఫెసర్ అయ్యాడు. ఫార్మర్ అప్పటికి జట్టులో పసివాడు, రెండో వరుసలో ఉండేవాడు. సినిమా జట్టులోని అమ్మాయి సమాంతా బుక్ పాత్రకు ఆధారం హెన్రియెటా బెల్ వెల్స్. 1930లో, పద్దెనిమిదో ఏటికి అటూ ఇటూగా, వైలీ జట్టులో మొదటి అమ్మాయిగా చేరిందామె. సినిమా తీసేటప్పుడు వాషింగ్టన్ ఆవిడను కలిసి మాట్లాడారు. సినిమా విడుదలైన రెండు నెలలకు, 95 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూసింది.

గెలిచాక ఏమైందన్నది సినిమాలో లేని మరో ముఖ్యమైన ముక్క. జాతీయ చాంపియన్‌ను ఓడించినా వైలీకి ఆ బిరుదు రాలేదు. ఎందుకంటే డిబేట్ జట్ల జాతీయ సంఘంలో వైలీకి సభ్యత్వమే లేదు. రెండో ప్రపంచయుద్ధం ముగిసేదాకా ఆ సంఘం నల్లవాళ్లను చేర్చుకోలేదు. పోటీ పెట్టుకోవచ్చు, గెలవొచ్చు, చప్పట్లు కొట్టించుకోవచ్చు. పుస్తకంలో మాత్రం పేరు రాయరు. ఈ ముగింపును తెర మీద పెట్టి ఉంటే ప్రేక్షకుడు ఇంటికి వెళ్లేటప్పుడు కళ్లు తుడుచుకోవడంతో ఆగేవాడు కాదు, ఇదేం పద్ధతని అడిగేవాడు.

గాంధీ ప్రస్తావన విషయంలో మాత్రం దర్శకుడిని తప్పుపట్టాల్సిన పని లేదు. కాలాన్ని కొద్దిగా ముందుకు జరిపాడంతే. ఫార్మర్ 1938లో వైలీ ముగించి హోవర్డ్ విశ్వవిద్యాలయంలో మతశాస్త్రం చదివాడు. అక్కడ ఆయన గురువు హోవర్డ్ థర్మన్. 1936లో భారతదేశం వచ్చి గాంధీని స్వయంగా కలిసినవాడు. 1942లో షికాగోలో ఫార్మర్, ఆయన మిత్రులు కలిసి ‘కోర్’ అనే పౌరహక్కుల సంస్థ పెట్టినప్పుడు వాళ్ల చేతిలో ఉన్న పుస్తకం ఉప్పు సత్యాగ్రహంలో నడిచిన కృష్ణలాల్ శ్రీధరాణి అమెరికాలో రాసిన ‘వార్ వితౌట్ వయొలెన్స్’. సత్యాగ్రహం ఎలా చేయాలో అంచెలంచెలుగా వివరించిన పుస్తకమది. 1961లో బస్సుల్లో జాతివివక్షను ఎదిరించడానికి మే 4న 13 మందితో బయలుదేరిన ఫ్రీడమ్ రైడ్స్‌ను నడిపింది ఫార్మరే. పది రోజుల తర్వాత అలబామాలోని ఆనిస్టన్ దగ్గర మూక బస్సును తగలబెట్టింది. ఆ రోజు ఆయన ఆ బస్సులో లేడు. తండ్రి పోయాడని కబురొచ్చి మధ్యలోనే వెనక్కి వెళ్లాడు. పందిని ఈడ్చిన ఘట్టం చూసినవాడికి ఈ వాస్తవం చదువుతుంటే గొంతు పట్టుకుంటుంది. అంత్యక్రియలు ముగించుకుని ఫార్మర్ మళ్లీ బస్సెక్కి మిసిసిపీ జైలుకు వెళ్లాడు.

ఆ ఉద్యమం ఒత్తిడితో 1964, 1965లలో పౌరహక్కుల, ఓటుహక్కుల చట్టాలు వచ్చాయి. అదే ఊపులో, 1965లోనే, పుట్టిన దేశాన్ని బట్టి వలసలకు కోటాలు పెట్టే పాత పద్ధతిని అమెరికా రద్దు చేసింది. తెలుగు డాక్టర్లు, ఇంజినీర్లు అక్కడికి వెళ్లడానికి తలుపు తెరుచుకుంది ఆ చట్టంతోనే. ఇవాళ డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్‌లో, ఫ్రిస్కోలో ఉండే తెలుగు కుటుంబాలు లూసియానా వైపు కారులో వెళ్లేటప్పుడు ఇంటర్‌స్టేట్ 20 మీద మార్షల్ పక్కనుంచే పోతాయి. పెట్రోలుకో కాఫీకో ఆగే ఆ ఊళ్లోనే ఒకప్పుడు వైలీ, బిషప్ కాలేజీల పిల్లల మీద ఫైరింజన్ గొట్టాలతో నీళ్లు చిమ్మారు. తెల్లవాళ్ల హోటల్ బల్లల దగ్గర కూర్చున్నందుకు 1960లో మొదలైన గొడవ అది.

వైలీ వాదన న్యాయస్థానానికి ఎక్కిన కథ మరొకటి ఉంది. సినిమాలో ఓక్లహోమా జట్టు ముందు సమాంతా వాదించే అంశాన్ని నిజజీవితంలో కోర్టుకు ఈడ్చిన హీమన్ స్వెట్ కూడా వైలీ విద్యార్థే. 1934లో పట్టా తీసుకుని హ్యూస్టన్‌లో తపాలా బట్వాడా చేసేవాడు. 1946లో టెక్సాస్ విశ్వవిద్యాలయం లా కాలేజీకి దరఖాస్తు పెట్టాడు. నల్లవాడివి గనక కుదరదన్నారు. అతన్ని చేర్చుకోకుండా తప్పించుకోవడానికి రాష్ట్రం నల్లవాళ్లకు విడిగా ఒక లా కాలేజీ తెరిచింది. 1947లో హ్యూస్టన్‌లో ఒక విశ్వవిద్యాలయాన్నే పెట్టింది. న్యాయవాది తుర్‌గుడ్ మార్షల్ వాదించిన ఈ కేసులో 1950 జూన్ 5న సుప్రీంకోర్టు స్వెట్ పక్షాన ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చింది. రాష్ట్ర జనాభాలో 85 శాతం మందికి దూరంగా, భిన్నాభిప్రాయాలతో తలపడే వీలు లేకుండా న్యాయశాస్త్రం నేర్చుకోవడం కుదరదన్నది ఆ తీర్పులో ఒక కారణం. టోల్సన్ చెవిన పడితే నవ్వుకునే కారణం. స్వెట్ మాత్రం లా పూర్తి చేయలేకపోయాడు. ఆరోగ్యం చెడింది, సంసారం చెదిరింది. 1952లో మానేశాడు.

అతన్ని దూరం పెట్టడానికి హ్యూస్టన్‌లో పెట్టిన ఆ విశ్వవిద్యాలయమే నేటి టెక్సాస్ సదరన్. అక్కడ థామస్ ఫ్రీమన్ అనే మాష్టారు డిబేట్ జట్టును మొదలుపెట్టి దశాబ్దాల పాటు నడిపాడు. ఆయన శిష్యురాలు బార్బరా జోర్డన్ తర్వాత అమెరికా ప్రతినిధుల సభకు ఎన్నికై, నిక్సన్ అభిశంసన విచారణలో చేసిన ప్రసంగంతో దేశాన్ని కట్టిపడేసింది. వాషింగ్టన్ తన నటులకు డిబేట్ నేర్పమని పిలిచింది కూడా ఈ ఫ్రీమన్‌నే. తెర మీద హార్వర్డ్‌ను ఓడించే పిల్లలకు తర్ఫీదు ఇచ్చిన మాష్టారు, 1950లలో జోర్డన్ ఉన్న జట్టును నిజంగానే హార్వర్డ్ ముందు నిలబెట్టాడు. ఆ పోటీలో ఎవరూ ఓడలేదు, ఎవరూ గెలవలేదు. సమానంగా తేలింది.