యంత్రశాల చాలదు, విద్యాశాల కావలెను

ఎర్రమంచి పరిసరములలోని రైతులు 500 ఎకరములకు పైగా భూమిని వదలుకొనగా, 2019లో అచ్చట కియా మోటారుకార్ల కర్మాగారము పని ప్రారంభించినది. వానకై మింటివంక చూచిన సీమ నేడు విదేశములకు కార్ల నంపుచున్నది. సంతోషమే. కాని యంత్రముల పొందిక నెరిగిన జిల్లా తన ప్రజల దేహముల పొందికను గూడ ఎరుగవలదా యని మేము ప్రశ్నించుచున్నాము.

జీవశాస్త్రము, వైద్యము, కంప్యూటరు శాస్త్రము అను మూడింటిని కలిపి బోధించు ఉన్నతవిద్య యొకటి లోకమున వేరూనినది. మానవ జీనోమను గ్రంథమున సుమారు 300 కోట్ల అక్షరములు కలవు. అందు ఏ అక్షరము తప్పినచో ఏ వ్యాధి కలుగునో కనిపెట్టుట వైద్యుని కంటికి సాధ్యము గాదు; వైద్యమెరుగని గణకునికిని సాధ్యము గాదు. ఇరువురి విద్యయు నెరిగినవాడు కావలెను.

ఇది దూరదేశపు ముచ్చట గాదు. మన బజారులలో వర్తకము నడపు వైశ్యకుటుంబములనే చూడుడు. శస్త్రచికిత్సకు ముందు కండరములను సడలించుటకిచ్చు సక్సినైల్‌కోలిన్ అను మందు సామాన్యముగా కొన్ని నిమిషములలో విరుగును. దానిని విరుచు రసము రక్తమున లోపించినవారికి గంటలకొలది ఊపిరి స్తంభించి, యంత్రముతో శ్వాస నిలుపవలసి వచ్చును. ఈ లోపము వైశ్యులలో ఇతరులకన్న సుమారు 100 రెట్లు అధికమని, హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు విదేశీయులతో గూడి 2017లో ప్రకటించిన పరిశోధనయందు పేర్కొనబడినది. ఇది యే కులమునకును అవమానము గాదు. ఆ పరిశోధకులు దక్షిణాసియాలోని 260కి పైగా సమాజములను చూడగా, 81 సమాజములు కొలదిమంది మూలపురుషులనుండి పెరిగి, తమలో తామే సంబంధములు చేసికొనుచు వచ్చినవని తేలినది. ప్రతిదానియందును ఇట్టి రహస్యమేదో దాగియుండవచ్చును. దానిని ముందుగా చదివినచో ప్రాణము నిలుచును. చదువనిచో ఆపరేషను బల్లమీద బయటపడును.

చదువువారెవరు? మన విద్యావిధానము పదవ తరగతి దాటిన బాలుని గణితపు వరుసలోనో, జీవశాస్త్రపు వరుసలోనో నిలిపి, నడుమ గోడ కట్టినది. 2025–26 నుండి ఆంధ్రప్రదేశ్ ఇంటర్మీడియెట్ బోర్డు రెండింటిని కలిపి చదువ నవకాశ మొసగుట శ్లాఘనీయము. కాని తలుపు తెరచినంతమాత్రమున ఇల్లు కట్టినట్లు గాదు. ఆ పిల్లవాడు పై చదువునకు హైదరాబాదునకో, బెంగుళూరునకో పోవలసినదే. ఎంతమంది తండ్రులకు ఆ శక్తి కలదు?

రెండు విద్యలకు వంతెన కట్టుట తెలుగువానికి క్రొత్త గాదు. మద్రాసులో ఖద్దరు ధరించి వైద్యము చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాకు పోయి, 1930లో హార్వర్డున జీవరసాయనశాస్త్రములో డాక్టరేటు పొంది, నేటికిని కాన్సరునకు వాడు మెథోట్రెక్సేటు వంటి మందులకు దారి చూపిరి. ఆ ప్రతిభ ఫలించుటకు పరదేశపు ప్రయోగశాల కావలసి వచ్చినది. ఆ కొరత ఇంకను మిగిలియుండుట మనకు గౌరవము గాదు.

కావున మా సూచన యిది. అనంతపురమున జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము కలదు. ప్రభుత్వ వైద్యకళాశాల కలదు. చెంతనే శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము కలదు. ఈ మూడును చేయి కలిపి, రెండేండ్ల ఉమ్మడి పట్టవిద్యను నెలకొల్పవలెను. క్రొత్త భవనములతో పనిలేదు. ఒకరి విద్యార్థి మరియొకరి తరగతిలో కూర్చుండ నిచ్చినచో చాలును. 2013 కంపెనీల చట్టము పెద్ద సంస్థలు తమ సగటు లాభములో నూటికి 2 వంతులు లోకహితమునకు వెచ్చింపవలెనని విధించినది. ఎర్రమంచి భూమిపై లాభమార్జించు సంస్థలు అందు కొంత ఈ విద్యార్థుల వేతనములకు కేటాయించుట న్యాయము. హిందూపురపు వర్తకులును, ధర్మవరపు పట్టువ్యాపారులును, పెనుకొండ రైతులును తమ వంతు చేర్చవలెను.

రెండు హెచ్చరికలు మాత్రము చేయుదుము. పేరుకు మాత్రమే నడచు కోర్సు పిల్లల కాలమును, తండ్రుల ధనమును మ్రింగును. ఆసుపత్రిలో అభ్యాసము లేని పట్టము వలదు. రోగి రహస్యము రోగి సొత్తు; అతని సమ్మతి లేనిదే అది బజారున బడరాదు.

జీనోమ్ ఇండియా ప్రణాళిక క్రింద 10,000 మంది భారతీయుల జీనోములు చదువబడి, 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోనికి వచ్చినవి. గ్రంథము సిద్ధమైనది. మన రక్తమందలి వ్రాతను అన్యులు చదివి చెప్పువరకు వేచియుందుమా, మన బిడ్డలకు ఆ అక్షరములు నేర్పుదుమా? నేర్పవలెనన్నచో వచ్చు విద్యాసంవత్సరమే తగిన ముహూర్తము.