రాలిన ఆకు నేల సొమ్ము

మాఘ ఫాల్గుణములలో వేపయు బాదమును ఆకు రాల్చు వేళ, తెల్లవారుజామున వాకిలి ఊడ్చి, ఆ ఆకులను వీధి మొగను కుప్పవేసి అగ్గిపుల్ల గీయుట మన పట్టణములలో పరిపాటియైనది. ఆ పొగ ముందుగా సోకునది పొరుగింటి పసిపాపకును, ఉబ్బసముతో బాధపడు వృద్ధులకును గదా! వీధులలో చెత్త కాల్చరాదనియు, తోటచెత్తను ఎవరి ఆవరణలో వారు వేరుగా ఉంచవలయుననియు 2016 నాటి ఘనవ్యర్థ నిర్వహణ నియమములు విధించినవి. అంతకు ఎన్నడో పూర్వమే మన పెరటి పెంటకుప్ప ఈ పాఠము నేర్పియున్నది.

రాలిన ఆకును ఎరువుగా మార్చుటకగు వ్యయము స్వల్పము. పెరటి మూలను మూడడుగుల గుంత త్రవ్వి, తావు లేనివారు చిల్లులు పెట్టిన పాత డ్రమ్మును తెచ్చుకొని, మూడు పాళ్లు ఎండుటాకునకు ఒక పాలు పచ్చిగడ్డియు కూరగాయల తొక్కులును పొరలుగా పేర్చి, పేడనీళ్లు చల్లి, పిడికిట బిగించినచో చెమ్మ తగులునంతటి తడి నిలిపి, పది దినములకొకమారు తిరుగవేసినచో, కొన్ని మాసములకు తొలకరి మట్టివాసన గల నల్లని ఎరువు చేతికి వచ్చును. కొబ్బరియాకుల ఈనెలు చీపురులగును. చిన్న రెమ్మలను తరిగి పాదులలో పరచినచో వేసవియందు తడి నిలుచును.

ఇంట ఇముడని పెద్ద కొమ్మలను మాత్రము పురపాలక సంఘములు వారమునకొక దినము సేకరించి, వార్డునకొక ఎరువుగుంత ఏర్పరుపవలయును. నేల ఇచ్చిన ఆకును నేలకే మరల అప్పగించుట గృహస్థుని కనీస ధర్మము.