రాయి తగిలిన అద్దము



ఈ నెల మన సంఘపు వ్యాను అద్దమును గూర్చి వ్రాస్తున్నాము. కార్ల సంగతి మనకెందుకని కొందరు అనుకొనవచ్చును. అయితే నేడు మన పల్లెలలో ఇంటికొక బండి లేకపోయినా వీధికొకటి ఉన్నది. కూలీలను ఎక్కించుకొని పోయేది అదే, ప్రసవానికి ఆసుపత్రికి తీసికొని పోయేదీ అదే. దాని ముందు అద్దము విషయములో మేము చేసిన పొరపాటు మీరు చేయకూడదని ఈ మాటలు.

మన అవుకు రోడ్లు ఎరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. బనగానపల్లె వైపు చూచినా కొలిమిగుండ్ల వైపు చూచినా నాపరాతి నేలయే. గనుల నుండి బండలు, సిమెంటు ఫ్యాక్టరీలకు సున్నపురాయి, రాత్రనక పగలనక లారీలు, టిప్పర్లు. వాటి టైర్ల సందున ఇరుక్కున్న కంకర ఎప్పుడు ఎగిరి వచ్చునో ఎవరికి తెలుసు? గడచిన వానకాలము ఆరంభములో బనగానపల్లె నుండి తిరిగి వస్తుండగా టప్పుమని శబ్దము. చూస్తే అద్దము మీద కందిగింజంత దెబ్బ, దాని చుట్టూ సన్నని రెండు మూడు గీతలు. ఇంతేకదా అని ఇంటికి వచ్చేశాము.

వారము తిరుగకముందే వానలు పట్టుకున్నాయి. హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్న మన సంఘపు యౌవనస్థుడొకడు అద్దానికి పూసే మందు ఒక సీసా తెచ్చి ఇచ్చాడు. అది పూస్తే వాన నీరు అద్దము మీద నిలువదు, తామరాకు మీద వలె పూసలు పూసలుగా జారిపోవును. మంచి వస్తువే. మేము గుడ్డతో అద్దమంతా రుద్ది, దెబ్బ తగిలినచోట మాత్రము ఇంకొంచెము ఎక్కువ పోశాము. ఆ గుంటలోనికి నీరు దిగకుండా కాపాడునని మా తెలివి!

నంద్యాలలో అద్దాల పని చేసే ఒకరి వద్దకు వెళ్ళినది నెల దాటిన తరువాత. ఆయన వ్రేలితో తడిమి చూచి, "దీనికి ఏమన్నా పూసినారా అయ్యగారూ?" అని అడిగాడు. చెప్పాము. ఆయన తల ఆడించి, "రాయి తగలకముందు పూసింటే ఏం కాకపోవు. తగిలినాక పూస్తిరి. ఇంక మందు పట్టుకునేది కష్టం" అన్నాడు.

ఆయన చెప్పినది అర్థము కావలెనంటే అద్దము ఎట్లుండునో తెలియాలి. బండి ముందు అద్దము ఒక్క పలక కాదు. రెండు గాజు పలకల మధ్య సన్నని ప్లాస్టిక్ పొర పెట్టి అతికించినది. 1903లో ఎడ్వార్ బెనెడిక్టస్ అను ఫ్రెంచివాని ప్రయోగశాలలో ఒక గాజు బుడ్డి క్రిందపడి పగిలినా ముక్కలు చెదరలేదట. లోపల ఎండిపోయిన రసాయనపు పొర వాటిని పట్టి ఉంచినది. ఆయన 1909లో అట్టి అద్దానికి పేటెంటు తీసికొన్నాడు. ప్రక్క అద్దాలు వేరు. అవి పగిలితే పలుకులుగా రాలిపోవును, వాటికి మరమ్మతు లేదు. ముందు అద్దములో రాయి దెబ్బ సాధారణముగా బయటి పలకకే తగులును, గనుక బాగుచేయుటకు వీలున్నది.

పని ఇట్లు జరుగును. గుంటలో ఉన్న గాలిని, తేమను చిన్న పరికరముతో లాగివేసి, రెజిన్ అను పలుచని జిగురును ఒత్తిడితో లోపలికి పంపుతారు. అది సన్నని గీతలలోనికి కూడ పాకాలి. తరువాత అతినీలలోహిత దీపము పెడితే గట్టిపడును. పైకి ఉబ్బినదానిని బ్లేడుతో గీకి నునుపు చేస్తారు. మచ్చ పూర్తిగా పోదు గాని చీలిక ముందుకు సాగకుండా ఆగును.

జిగురు పాకాలంటే గాజు శుభ్రముగా ఉండాలి. నూనె అంటిన గోడకు సున్నము పట్టునా? వాన మందులలో ఉండేవి సిలికాన్ సంబంధమైన రసాయనములు, కొన్నిటిలో ఫ్లోరిన్ కూడ చేరి ఉండును. అవి నీటినే కాదు, ఆ జిగురును కూడ దగ్గరకు రానీయవు. రాయి తగలకముందు పూసిన మందైతే గాజు పైననే ఉండును. రాయి తగిలి క్రొత్తగా విచ్చుకున్న లోపలి గాజుకు అది అంటదు. చుట్టూ తుడిచి పని చేయవచ్చును. మేము తెరచియున్న గాయములోనికే పోశాము. ఆయన రెండుసార్లు ప్రయత్నించాడు. జిగురు ఒక గీతలోనికి దిగింది, మిగిలినవాటిలోనికి దిగలేదు. డబ్బు కూడ తీసికొనలేదు.

తరువాత అక్టోబరులో ఒక రాత్రి మన సంఘపు సహోదరి ఒకామెకు నొప్పులు వచ్చినవి. ఆమె తల్లి, మా ఇంటి అమ్మగారు వెనుక కూర్చున్నారు. జోరున వాన. దారిలో ఒక గుంటలో చక్రము దిగి ఎత్తివేసినది. అంతే, ఆ కందిగింజ నుండి చీలిక మా కన్నుల ఎదుటనే అద్దానికి అడ్డముగా పాకినది. ఎదురు లారీ దీపములు ఒకటి నాలుగై కనబడుచున్నవి. రోడ్డు అంచు ఎక్కడో తెలియదు. నంద్యాల పోయే బస్సు ఒకటి దొరికితే దాని ఎర్రదీపాలను పట్టుకొని మెల్లగా పోయాము. వెనుక ఆ తల్లి "ఇంకా ఎంత దూరం అయ్యగారూ?" అని అడిగినప్పుడెల్లా మా గొంతు ఎండిపోయినది. ఆడపిల్ల పుట్టినది, ఇద్దరూ క్షేమము.

క్రొత్త అద్దము వేయించక తప్పలేదు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు మాత్రమే ఉన్నందున అద్దానికి రాలేదు. సండేస్కూలు పిల్లల చాపలకని దాచిన సొమ్ము దానికే పోయినది. సంఘపు లెక్కలలో కారణము అను గడిలో "పాస్టరు గారి అజాగ్రత్త" అని మేమే వ్రాశాము. పెద్దలు కొట్టివేయమన్నారు గాని అట్లే ఉంచాము.

బండి ఉన్నవారు ఇది గమనించండి. రాయి తగిలిన వెంటనే, చుట్టూ పొడి గుడ్డతో తుడిచి, దెబ్బ మీద చిన్న పారదర్శకపు టేపు ముక్క అంటించండి. అద్దానికి మందు పూసి ఉంటే టేపు సరిగా అంటదు, ఊడితే మరల వేయండి. సబ్బు నీరు, వాన మందు ఆ చోటికి తగలనీయవద్దు. ఎండలో కాగిన అద్దము మీద చన్నీళ్ళు కుమ్మరించవద్దు, చీలిక పాకును. త్వరగా చూపించండి. డ్రైవరు కంటి ఎదుట పడిన దెబ్బనైనా, అంచు వరకు పాకిన చీలికనైనా, లోపలి పలక కూడ పగిలినదానినైనా బాగుచేయించుటకు చూడక అద్దము మార్చండి. మందు పూయుట మరమ్మతు అయిన తరువాతనే.

క్రొత్త అద్దానికి ఆ సీసాలో మిగిలిన మందు మేమే పూశాము. జనవరిలో కొలిమిగుండ్ల దారిన మరియొక రాయి తగిలినది. ఈసారి టేపు వేసి మూడవ రోజుననే నంద్యాల వెళ్ళాము. ఆయన చుట్టూ స్పిరిటు గుడ్డతో తుడిచి, అరగంటలో పని ముగించాడు. ఇప్పుడక్కడ నువ్వుగింజంత మచ్చ ఉన్నది.