చిన్నాయన గ్రాట్యుటీ, తమ్ముడి తుపాకీ

పోయిన ఏడాది మా చిన్నాయన బాయి దిగిపోయాడు. బయటివాళ్లకు చెప్పాలి కదా: గోదావరిఖనిలో గనిని బాయి అంటాం. దిగిపోవడం అంటే రిటైర్ కావడం. ముప్పై ఏళ్లకు పైగా సర్వీసు, అందులో చివరి పదిహేనేళ్లు షాట్‌ఫైరర్. అంటే బొగ్గులో రంధ్రాలు వేయించి, మందు నింపి, పేల్చే మనిషి. గ్రాట్యుటీ పైసలు బ్యాంకులో పడ్డ వారానికే డిగ్రీ చదివే మా తమ్ముడు ఫోన్ పట్టుకుని ఆయన పక్కన చేరాడు. స్క్రీన్ మీద జర్మనీ మ్యాచ్ ఎయిర్ రైఫిల్. ధర రెండు లక్షల పైమాటే.

చిన్నాయన నాకు ఫోన్ చేశాడు. "గంత పైసలు పెడితే గురి దానంతట అదే వస్తదారా? ఇంజనీర్‌వి గదా, నువ్వే జెప్పు."

నేను రాసేది సాఫ్ట్‌వేర్, తుపాకులు కాదు. కాకపోతే హైదరాబాద్‌లో ఉద్యోగం మొదలుపెట్టాక రెండేళ్లు వీకెండ్లు ఎయిర్ రైఫిల్‌తో గడిపాను. మెడల్స్ ఏమీ రాలేదు. పైసలు ఎక్కడ వేస్ట్ చేశానో మాత్రం బాగా గుర్తుంది. ఆ శనివారం భాగ్యనగర్ ఎక్కి రామగుండంలో దిగాను.

తమ్ముడికి ఈ పిచ్చి జాతరలో పట్టుకుంది. గోదావరి ఒడ్డున సమ్మక్క జాతరలో బుగ్గల దుకాణం దగ్గర పదికి ఏడు కొట్టాడట. "సైట్ వంకరగున్న తుపాకీతోనే ఏడు కొట్టిన్నన్నా, మంచిదైతే పదికి పది" అన్నాడు. లెక్క వేసి చూపించాను. బుగ్గ 15 సెంటీమీటర్లు ఉంటుంది, దూరం 3 మీటర్లు. అదే బుగ్గను 10 మీటర్ల దగ్గర పెట్టినట్టు లెక్కేస్తే అర మీటరు వెడల్పు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పదో పాయింట్ చుక్క వెడల్పు ఎంతో తెలుసా? 0.5 మిల్లీమీటరు. ఇంజనీరింగ్ డ్రాయింగ్‌కి వాడే క్లచ్ పెన్సిల్ ములుకంత. వాడు కొట్టిన బుగ్గ దానికి వెయ్యి రెట్లు. పెల్లెటే 4.5 మిల్లీమీటర్లు కాబట్టి ఆ చుక్క అసలు కనబడకుండా పోతుంది.

ఎయిర్ పిస్టల్ కార్డు కొంచెం దయగలది. అందులో పదో వలయం 11.5 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత. అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్లు చేతిలో రైఫిల్ ఉన్నా పిస్టల్ కార్డు మీదే కొట్టడం మంచిది. రైఫిల్ కార్డు మొత్తం వలయాలు కలిపినా 45.5 మిల్లీమీటర్లే. మొదటి వారం పెల్లెట్లు దాని బయటే పడతాయి, మనసు విరుగుతుంది.

వాడు వదల్లేదు. గగన్ నారంగ్ కథ తీశాడు. కొడుకు రైఫిల్ కోసం వాళ్ల నాన్న ప్లాట్ అమ్మాడని, కిరాయి ఇంట్లో ఉన్నారని, 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం వచ్చాక పేపర్లన్నీ రాశాయి. మా బెల్ట్‌లో తండ్రుల ముందు ఈ కథ చెబితే ఏ తండ్రయినా కరిగిపోతాడు. కానీ ఆ కథకు ముందు భాగం ఒకటుంది, దాన్ని ఎవరూ స్టేటస్ పెట్టరు. 1997లో నాన్న కొనిచ్చిన ఎయిర్ పిస్టల్‌తో ఆ పిల్లాడు బేగంపేటలో ఇంటి పెరట్లోనే గురి నేర్చుకున్నాడు. ముందు పెరడు, తర్వాత ప్లాట్. ఈశా సింగ్ సంగతి కూడా చూడండి. తొమ్మిదేళ్లకు పిస్టల్ పట్టి, 2018లో పదమూడేళ్లకే సీనియర్ నేషనల్స్‌లో మను భాకర్‌ను, హీనా సిధ్ధూను దాటి 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ చాంపియన్ అయింది. నాలుగేళ్లు ఒకే పని మళ్లీ మళ్లీ చేశాక వచ్చిన టైటిల్ అది.

"మరి ఆ టర్కీ అంకుల్?" అన్నాడు. పారిస్‌లో ఒక చెయ్యి జేబులో పెట్టుకుని సిల్వర్ కొట్టిన యూసుఫ్ డికెచ్. ఆ మీమ్ వల్ల జరిగిన నష్టం ఇంతా అంతా కాదు. పిస్టల్ ఈవెంట్‌లో ఒంటి చేత్తోనే కాల్చాలి, రెండో చెయ్యి ఊగకుండా జేబులో పెట్టుకోవడం చాలామంది చేసేదే. ఆయన చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ ఉన్నాయి, చేతిలో ఉన్నది అసలైన మ్యాచ్ పిస్టల్. మామూలుగా కనిపించింది మనిషే.

మాటలతో పని కాదని, చిన్నాయన దోస్తు ఇంట్లో అటక మీద పడున్న దేశీ స్ప్రింగ్ రైఫిల్ తెచ్చాం. నాళం విరిచి పెల్లెట్ పెట్టే రకం. ఇలాంటివి కొత్తవి పది పదిహేను వేల దగ్గర మొదలవుతాయి. ఇక 10 మీటర్లు ఎక్కడ? క్వార్టర్‌లో ముందు వరండా నుంచి పెరటి గోడ దాకా కొలిస్తే సరిగ్గా సరిపోయింది. మధ్యలో రెండు తలుపులు, చిన్నమ్మ వంటిల్లు. పొద్దున అరగంట వంటిల్లు బంద్. ఆమె అన్న మాటలు ఇక్కడ రాయను.

భద్రత సంగతి చిన్నాయనే చేతిలోకి తీసుకున్నాడు. బాయిలో షాట్ కొట్టే ముందు ఆ చోటికి వచ్చే దారులన్నిట్లో మనుషులను కాపలా పెడతారు, కేక వేస్తారు. అదే రూల్ ఇంట్లో. పక్క తలుపుకు గొళ్లెం, పెరట్లో ఎవరూ లేరని చూసొచ్చాకే పెల్లెట్. కళ్లకు అద్దాలు తప్పనిసరి. టార్గెట్ వెనక పాత ట్రంకుపెట్టె నిండా దుప్పట్లు గట్టిగా కుక్కాం, దాని వెనక మందపాటి చెక్క, ఆ వెనక ఇటుక గోడ. పక్కింటాయన కన్వేయర్ బెల్టు ముక్క ఇస్తానన్నాడు, మా దగ్గర అది ప్రతి ఇంటి గడప ముందూ ఉంటుంది. వద్దన్నాం. గట్టి రబ్బరుకు తగిలిన పెల్లెట్ వెనక్కి వస్తుంది. "షాట్ కొట్టకముందు ఎన్ని సూస్తవో, కొట్టినంక గన్ని సూడాలె" అని చిన్నాయన రోజూ అనేవాడు. పెల్లెట్ సీసం కాబట్టి అయిపోయాక సబ్బుతో చేతులు కడగాలి. ఇది మాత్రం బొగ్గు ఇంట్లో ఎవరికీ నేర్పక్కర్లేదు.

మొదటి రోజు నిలబడి ఐదు పెల్లెట్ల చొప్పున ఐదు కార్డులు. ఒక్కో కార్డులో దూరదూరంగా పడ్డ రెండు రంధ్రాల మధ్య స్కేలు పెట్టి కొలిచాం. సగటు 74 మిల్లీమీటర్లు. టీ సాసర్‌లో గుప్పెడు శనగలు చల్లినట్టు. "చూశావా, గన్ను బాలేదు" అన్నాడు తమ్ముడు.

ఇక్కడే నా ఉద్యోగం పనికొచ్చింది. బగ్ కోడ్‌లో ఉందా, సర్వర్‌లో ఉందా తేలాలంటే ఒకసారికి ఒక్కటే మార్చాలి. మనిషి ఊగడాన్ని తీసేద్దాం అని కుర్చీలో కూర్చోబెట్టి, బల్ల మీద బియ్యం సంచి, దాని మీద వాడి ఎడమ అరచెయ్యి, ఆ అరచేతి మీద రైఫిల్. 26 మిల్లీమీటర్లకు వచ్చింది. అదే గన్ను, అదే పెల్లెట్, అదే పొద్దున. 74లో తుపాకీ వాటా ఎంతో వాడికే అర్థమైంది.

తర్వాత స్క్రూడ్రైవర్ తెచ్చి కట్టెకు నాళాన్ని పట్టి ఉంచే స్క్రూలు చూశాం. రెండు వదులు. స్ప్రింగ్ గన్ కొట్టిన ప్రతిసారీ అదురుతుంది, స్క్రూలు సడలుతుంటాయి. ఖర్చు సున్నా, లాభం బాగానే. ఆ తర్వాతది పట్టు. స్ప్రింగ్ గన్‌లో పెల్లెట్ నాళం దాటకముందే లోపల పిస్టన్ ముందుకు దూకుతుంది, గన్ కదలడం మొదలవుతుంది. గట్టిగా పిసికి పడితే ఒక్కోసారి ఒక్కో తీరుగా కదులుతుంది. వదులుగా, ప్రతిసారీ ఒకే చోట, అరచేతిలో కూర్చోబెట్టినట్టు పట్టాలి. ఈ రెండింటితో కూర్చుని కొట్టే గ్రూప్ 17కు దిగింది. మామూలు స్కోప్ కొని దీని మీద బిగించే ఆలోచన ఉంటే మానుకోండి. ముందుకూ వెనక్కూ కొట్టే ఈ అదురుకు లోపలి అద్దాలు కదిలిపోతాయి. నేను అలా రెండు పోగొట్టుకున్నాను.

పెల్లెట్ల మీద పెట్టే రూపాయి మాత్రం వృథా కాదు. ఒకే గన్ ఒక డబ్బా పెల్లెట్‌తో చక్కగా, ఇంకోదానితో చిందరవందరగా కొడుతుంది. రెండు మూడు రకాల చిన్న డబ్బాలు తెచ్చి, కూర్చుని కొట్టి, ఏది దగ్గరగా పడితే అదే కొనసాగించాలి. కాగితం టార్గెట్‌కి ముక్కు చదునుగా ఉన్నవి గుండ్రంగా రంధ్రం కోస్తాయి, లెక్కపెట్టడం తేలిక. అంచు నొక్కుకుపోయినవి పక్కన పడేయాలి.

ఇంకో భ్రమ, ఎఫ్‌పీఎస్. గేమ్‌లు ఆడిన చేతులకు స్పీడ్ ఎక్కువుంటే గురి ఎక్కువ అనిపిస్తుంది. ఒలింపిక్స్‌లో వాడే మ్యాచ్ ఎయిర్ రైఫిల్ పెల్లెట్ వేగం సెకనుకు సుమారు 170 మీటర్లు, శక్తి ఏడున్నర జౌళ్ల చుట్టూ. మన దగ్గర లైసెన్స్ లేకుండా కొనగలిగే 4.5 ఎంఎం గన్‌లకు 2016 ఆయుధాల నియమాల్లో ఉన్న పరిమితే 20 జౌళ్లు. అంటే చాంపియన్ల గన్ అందులో సగం కూడా కాదు. శక్తి పెరిగితే అదురు పెరుగుతుంది, అంతే. శక్తి గల గన్ కొన్నవాడి చూపు చివరికి గోదావరి ఒడ్డున కొంగల మీదికి పోతుంది. అది 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు, మీ ఇష్టం.

మిగిలిందంతా ఒళ్లు. నిలబడి గురి పెట్టి కళ్లు మూసుకో, రెండు శ్వాసల తర్వాత తెరువు. గన్ ఎటు జరిగి ఉంటే నీ ఒళ్లు అటు చూస్తోందన్నమాట. చేత్తో లాక్కొచ్చి సరిచేస్తే కండరం అలిసి వదిలేస్తుంది. పాదాలు జరపాలి. ఆ గన్ మీద రెండు సైట్ల మధ్య దూరం 45 సెంటీమీటర్లు. ముందు సైటు వెనకదాని గాడిలో ఒక్క మిల్లీమీటరు పక్కకు పోతే 10 మీటర్ల దగ్గర తేడా 22 మిల్లీమీటర్లు, ఒక రూపాయి బిళ్ల. అందుకే చూపు టార్గెట్ మీద కాదు, ముందు సైటు మీద. టార్గెట్ మసకగా ఉన్నా పరవాలేదు. సగం ఊపిరి వదిలి ఆపి, ఏడెనిమిది సెకన్లలో ట్రిగ్గర్ పడకపోతే దించేసి మళ్లీ మొదలుపెట్టాలి. తమ్ముడికి అన్నిటికంటే కష్టమైంది ఇదే, దించేయడం. పడ్డాక కూడా ఒక సెకను అలాగే చూస్తూ ఉండాలి. ఖాళీ గన్ పేల్చి ట్రిగ్గర్ ప్రాక్టీస్ మాత్రం స్ప్రింగ్ గన్‌తో చేయకూడదు, ముందు గాలి దిండు లేక పిస్టన్ ఇనుముకు కొట్టుకుంటుంది. పిస్టల్ ఆలోచన ఉన్నవాళ్లు లీటరు నీళ్ల సీసా ఒంటి చేత్తో చాచి పట్టుకుని చూడండి. మ్యాచ్ పిస్టల్ బరువు దాదాపు అంతే.

ఏడు వారాలు రోజూ ముప్పై పెల్లెట్లు. కార్డులన్నీ తేదీ వేసి ఫైల్‌లో పెట్టాడు, చెడ్డవి కూడా. బాగా వచ్చిన ఒక్క గ్రూప్‌ను స్టేటస్ పెట్టుకుని మురిసిపోవద్దని నేను పెట్టిన షరతు అదొక్కటే. నిలబడి కొట్టే సగటు 74 నుంచి 41కి వచ్చింది. కూర్చుంటే ఇంకా 17. అంటే ఆ పాత గన్‌లోనే వాడు అందుకోవాల్సింది సగానికి పైగా మిగిలుంది.

లక్షల రైఫిల్ అక్కర్లేదని నేను అనను. నిలబడి కొట్టింది, కూర్చుని కొట్టిన దానికి దగ్గరగా వచ్చిన రోజున గన్నే అడ్డం అవుతుంది. అప్పుడు కావాల్సింది అదురు లేని పీసీపీ, కంటికి తగ్గ సైట్, ఒంటికి తగ్గట్టు జరిగే కట్టె. అదీ ఫొటో చూసి కాదు, చెంపకు ఆనించి చూసి.

వచ్చే ఆదివారం వాడిని గచ్చిబౌలి రేంజ్‌కు తీసుకెళ్తున్నాను, కోచ్‌కు ఫైల్ చూపించడానికి. చిన్నాయన కూడా వస్తానన్నాడు. పైసలు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. పెరట్లో ట్రంకుపెట్టె తీయొద్దని మాత్రం చెప్పాడు, పొద్దున అరగంట ఇప్పుడు ఆయన కూడా కొడుతున్నాడు. కూర్చుని 22 వచ్చిందట. తమ్ముడు ఆ కార్డు ఫొటో పంపి కింద రాశాడు: "చిన్నమ్మ నంబర్ అడుగుతోంది అన్నా, నీతో మాట్లాడాలట."